పచ్చబొట్టు పొడిచిన చెయ్యి



కిందటి వేసవిలో మా అన్నయ్యగారింట్లో ఒక రభస జరిగింది. దాంతోనే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. మా మేనకోడలు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటినుంచీ దాని చేతిలో పెన్సిలు ఊరుకోదు. పాలవాడి పద్దు పుస్తకం మీద కూడా నెమళ్ళు, లతలు వేసి పెడుతుంది. రాత్రి అందరం భోజనాలకు కూర్చున్న వేళ మెల్లిగా అంది గదా, "నాన్నా, నేను టాటూలు వేయడం నేర్చుకుంటాను. హైదరాబాదులో ఒకావిడ తన దగ్గర శిష్యురాలిగా చేర్చుకుంటానంది" అని.

మా అన్నయ్య కలుపుతున్న ముద్ద అలాగే ఆపేశాడు. "టాటూ అంటే పచ్చబొట్టేగా? ఎరుకలసానిలాగా బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతావా? ఇందుకా నిన్ను చదివించింది?" అన్నాడు. మా వదిన, "రేపు సంబంధాలవాళ్ళు పిల్ల ఏం చేస్తుందంటే ఏమని చెప్పమంటావే?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిల్ల కంచం ముందునుంచి లేచిపోయింది. ఆఖరికి అందరూ నా వంక చూశారు. "రేడియోలో లోకానికంతా చెబుతావుగా, దానికీ ఓ మాట చెప్పు" అన్నాడు అన్నయ్య.

నాకా నిమిషంలో మాట తోచలేదు. చదివింది పదో తరగతి. కానీ మా అమ్మమ్మ చెయ్యి మాత్రం కళ్ళముందు కనిపించింది. ఆ చెయ్యి సంగతి చెప్పాలంటే పచ్చబొట్టు చరిత్ర కొంత తెలియాలనిపించి, తెలిసినవాళ్ళనడిగి, పుస్తకాలు తిరగేసి, నేను పోగుచేసుకున్నవి యీవేళ మీముందు పెడుతున్నాను.

మా అమ్మమ్మది బాపట్ల దగ్గర పల్లె. ఆమె కుడిచేతి మణికట్టుకు పైన ఒక ముగ్గు ఉండేది. నాలుగు చుక్కలు, వాటిని చుట్టిన గీత, పక్కన చిన్న తేలు. ముగ్గుకు కొంచెం ఎడంగా ఒక చుక్క మాత్రం వంకరగా, తక్కినవాటికంటే లావుగా ఉండేది. చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుని ఆ చుక్క మీద వేలు పెట్టి, "ఇదేమిటి అమ్మమ్మా, ఇలా తప్పిపోయింది?" అని అడిగేదాన్ని. ఆమె నవ్వి చెప్పేది.

ఆమెకు తొమ్మిదీ పదేళ్ళప్పుడు, అంటే 1935 ప్రాంతంలో, సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక ఎరుకల ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వచ్చిందట. ఆ పిల్లకూ తొమ్మిదేళ్ళే ఉంటాయి. తల్లి అరుగుమీద కూర్చుని మా అమ్మమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని సూదులు పొడుస్తూ ఉంటే, కూతురు మసి ఉన్న చిప్ప పట్టుకుని పక్కన కూర్చుందట. నొప్పి తెలియకుండా తల్లి పాట పాడింది. ముగ్గు పూర్తయ్యాక కూతురి చేతికి సూదులిచ్చి, "ఒక్క చుక్క నువ్వు పెట్టు" అందట. పిల్ల చెయ్యి వణికింది. చుక్క వంకరపోయింది. మా ముత్తమ్మమ్మ కోప్పడబోతే ఆ తల్లి, "మొదటి చుక్క అమ్మా, దీనికి డబ్బు వద్దులే" అని చేటలో పోసిన బియ్యంలోంచి ఒక దోసెడు తిరిగి ఇచ్చేసిందట.

మా అమ్మమ్మ పోయేదాకా ఆ చుక్క ఆమె చేతిమీదే ఉంది. ఆ పిల్ల పేరేమిటో మాకు తెలియదు. ఒక కళాకారిణి తన వృత్తి ప్రారంభించిన రోజుకు మిగిలిన గుర్తు అదొక్కటే.

పచ్చబొట్టు యీనాటిది కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన ఒక మనిషి శవం సుమారు 5,300 ఏళ్ళనాటిదని తేల్చారు. అతని ఒంటిమీద 61 పచ్చబొట్టు గుర్తులున్నాయి. ఈజిప్టులో నాలుగువేల ఏళ్ళ కిందటి ఆడవాళ్ళ దేహాలమీద చుక్కలు, గీతలు కనిపించాయి. టాటూ అన్న మాట పసిఫిక్ దీవులవారిది. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తహితి చేరినప్పుడు అక్కడివారు "తతావు" అనే మాటను ఇంగ్లీషువాళ్ళు విని తమ నోటికి తిప్పుకున్నారు. మనకు మాత్రం ఆ మాట అరువు తెచ్చుకోవలసిన అవసరం లేకపోయింది. నల్లటి మసిని చర్మం కింద పెడితే పైకి పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. చూసినవాళ్ళు చూసినట్టే పచ్చబొట్టన్నారు.

మన ప్రాంతంలో యీ పని ఎక్కువగా ఎరుకల స్త్రీలది. ఆదిలాబాదు అడవుల్లోకి వెళితే తోటివారని ఉన్నారు. వారిలో మగవాళ్ళు కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు పాడితే, ఆడవాళ్ళు గోండు స్త్రీలకు పచ్చబొట్లు పొడుస్తారు. ఛత్తీస్‌గఢ్ వైపు దేవార్ స్త్రీలది యీ వృత్తి. చూశారా, ఎక్కడ చూసినా మన దేశంలో యిది ఆడదాని చేతిపని. పొడిచేదీ ఆడదే, ఎక్కువగా పొడిపించుకునేదీ ఆడదే. నగలు దొంగలెత్తుకుపోవచ్చు, కష్టమొస్తే తాకట్టుకు పోవచ్చు. పచ్చబొట్టు మాత్రం పోదు, చచ్చినా వెంటవచ్చే నగ అదేనని మన పెద్దవాళ్ళు అనుకునేవారు.

సిరా ఎలా చేసేవారో వింటే అది వంటింటి విద్యలాగే ఉంటుంది. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారిగారి సాయంతో 1909లో దక్షిణదేశపు కులాల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశారు. దొరల కాలపు పుస్తకం కనుక అందులో చిన్నచూపు మాటలూ ఉన్నాయి. అయినా యీ పని తీరు మాత్రం జాగ్రత్తగా రాసి పెట్టారు. అవిసె ఆకూ పసుపూ కలిపి నూరి, పలచని గుడ్డకు పట్టించి వత్తిగా చుట్టేవారు. దాన్ని ఆముదం ప్రమిదలో వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించేవారు. కుండ లోపల పట్టిన మసి గీకి, నీళ్ళతోగాని చనుబాలతోగాని కలిపేవారు. నాలుగైదు కుట్టుసూదులు దారంతో కట్టి, ఆ మసిలో ముంచి పొడిచేవారు. కూలి పల్లెల్లో ఎక్కువగా ధాన్యం రూపంలో ముట్టేది.

వినడానికి యింతేనా అనిపిస్తుంది. కాని అసలు విద్య సిరాలో లేదు, చేతిలో ఉంది. మన పైచర్మం ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. సూది అంతవరకే దిగితే కొద్దివారాల్లో బొమ్మ మాయమవుతుంది. మరీ లోతుకు దిగితే రక్తం ఎక్కువగా వచ్చి, మసి లోపల పాకి గీత చెదిరిపోతుంది. యీ రెంటికీ మధ్య పొర ఒకటుంది. సూది అక్కడికి దిగి ఆగాలి. ముసలి చర్మం వేరు, పసి చర్మం వేరు. మణికట్టు వేరు, గడ్డం వేరు. ఇది ఏ పుస్తకంలో చదివితే వస్తుంది చెప్పండి? పిండి పాకం చూపులో తెలిసినట్టు, చర్మం వేలికి తెలియాలి. అందుకే ఎరుకల తల్లి కూతుర్ని వెంట తిప్పుకునేది. ముందు మసి చిప్ప పట్టుకోవడం, తరువాత ఏడ్చే పిల్లల చెయ్యి కదలకుండా పట్టుకోవడం, తరువాత పాట అందుకోవడం, చివరికి ఒక చుక్క. ఆ తరువాతే గీత. తేలు, తామరపువ్వు వేయాలంటే ఏళ్ళు పట్టేది. నేడు పెద్ద కళాశాలల్లో పెట్టిన పాఠ్యక్రమం యింతకంటే వరసగా ఉంటుందా అని నాకనిపిస్తుంది.

మరి అటువంటి విద్య గౌరవం లేకుండా ఎందుకు పోయింది? యిక్కడే మనం చరిత్ర చూడాలి.

ఎరుకలవారు ఒకప్పుడు వ్యాపారస్థులు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని వారిలో శాఖలున్నాయి. ఉప్పు ఎరుకలవారు సముద్రతీరంనుంచి ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఎగువ ఊళ్ళకు తీసుకెళ్ళి, మారుగా ధాన్యం తెచ్చేవారు. మగవాళ్ళు సరుకు చూసుకుంటే, ఆడవాళ్ళు అదే దారిలో ఎరుక చెప్పేవారు, బుట్టలమ్మేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. వారికి గౌరవమూ ఉండేది. శ్రీనివాస కల్యాణం కథలో స్వామివారంతటివారు ఆకాశరాజు ఇంటికి వెళ్ళడానికి ఎరుకలసాని వేషమే వేశారు గదా! 19వ శతాబ్దం రెండో సగంలో రైళ్ళొచ్చాయి. ఉప్పుమీద సర్కారు పెత్తనం బిగిసింది. గాడిదల మీద తెచ్చే ఉప్పు ఎవరికి కావాలి? వ్యాపారం చితికిపోయింది. ఇల్లు గడవడానికి ఆడవాళ్ళ చేతిపనులే మిగిలాయి.

అంతలో ఇంకొక పిడుగు పడింది. నేరస్థ జాతుల చట్టమని తెల్లదొరలు 1871లో ఉత్తరదేశంలో ఒకటి పెట్టారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఒక కులంలో పుట్టడమే నేరమన్నట్టుగా ఎరుకలవారిని ఆ పట్టికలో చేర్చారు. పేర్లు రాయించుకోవాలి, వేలిముద్రలు వేయాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. బాపట్లకు చీరాలకు మధ్య స్టువర్టుపురం అందరికీ తెలిసిన పేరే. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరిట, సాల్వేషన్ ఆర్మీవారి ఆధ్వర్యంలో అప్పట్లో వెలసిన సెటిల్‌మెంటు అది. అక్కడివారిని ఎంతోమందిని చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టారు.

యీ చట్టం పచ్చబొట్టు వృత్తికి ఏం చేసిందో ఆలోచించండి. ఆ వృత్తికి దుకాణం లేదు, బోర్డు లేదు. ఊరూరా తిరగడమే దాని దుకాణం. తిరగడమే నేరమన్నాక యింక వృత్తి ఎక్కడ? తల్లి పొగాకు ఆకు కట్టలు కడుతుంటే, కూతురు ఎవరి పక్కన కూర్చుని మసి చిప్ప పట్టుకుంటుంది? మా అమ్మమ్మ మరో సంగతి కూడా చెప్పేది. ఆ ఎరుకల ఆమె ఊళ్ళోకి రాగానే ముందు మునసబుగారింటికి వెళ్ళి, రొంటిన దోపుకున్న చీటీ తీసి చూపించి వచ్చిందట. "పచ్చబొట్టు పొడవడానికి కాగితం ఎందుకు?" అని పిల్లలు అడిగితే, "మేం నడవాలంటే కాగితం కావాలి తల్లీ" అందట. చిన్నప్పుడు విన్నప్పుడు నాకది అర్థం కాలేదు. యిప్పుడు తలుచుకుంటే అన్నం సయించదు.

నెల్లూరు ప్రాంతంనుంచి వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటి పెద్దలు యీ చట్టం పోవాలని ఏళ్ళతరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. చట్టమైతే పోయింది, కాని మా అన్నయ్య నోట ఆ రాత్రి వచ్చిన మాటలో దాని నీడ యింకా ఉంది. బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగితే తప్పేమిటి? ఆ బుట్టతోనే గదా ఆమె పిల్లల్ని సాకింది?

యిక సముద్రాలవతలికి వెళదాం. అక్కడ యీ పని మొదట్లో నావికులది, మగవాళ్ళది. ఎడిసన్ మహాశయుడు కాగితాలకు నకళ్ళు తీసే ఒక విద్యుత్ కలానికి 1876లో పేటెంటు పొందాడు. అది సూదితో కాగితానికి చిన్నచిన్న చిల్లులు పొడిచేది. న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన అదే ఉపాయం చర్మానికి పనికొస్తుందని గ్రహించి, 1891 డిసెంబరు 8న పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. నేటి స్టూడియోల్లో తేనెటీగలా రొద చేసే యంత్రాలకు అది పూర్వీకురాలు.

అమెరికాలో పచ్చబొట్లు వేసిన స్త్రీలలో మొదట పేరు తెలిసినామె మాడ్ వాగ్నర్. 1877లో కాన్సాస్ రాష్ట్రంలో పుట్టింది. సర్కసులో ఉయ్యాలల మీద విన్యాసాలు చేసేది, ఒళ్ళు విల్లులా వంచేది. 1904లో సెయింట్ లూయీ నగరంలో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు గస్ వాగ్నర్ అనే పచ్చబొట్ల కళాకారుడు ఆమెను చూసి, తనతో ఒక సాయంత్రం గడపమని అడిగాడు. మన మాడ్ ఏమందో తెలుసునా? నాకు పచ్చబొట్టు వేయడం నేర్పితే వస్తానంది! పాఠం నేర్చుకుంది, తరువాత అతన్ని పెళ్ళాడింది. యంత్రాలు వచ్చినా వారిద్దరూ చేతితో పొడిచే పద్ధతినే పట్టుకున్నారు. వారి కూతురు లొవెట్టా తొమ్మిదో ఏటనే సూది పట్టింది. కాని మాడ్ కూతురి ఒంటిమీద మాత్రం భర్తను పచ్చబొట్టు వేయనివ్వలేదు. తన ఒళ్ళంతా బొమ్మలతో సర్కసు జనం ముందు నిలబడ్డ తల్లి అలా ఎందుకన్నదో మనం ఊహించుకోవలసిందే. లొవెట్టా జీవితాంతం యితరులకు వేసింది గాని, తన ఒంటిమీద ఒక్కటీ వేయించుకోలేదు. మాడ్ 1961లో కన్నుమూసింది.

ఇంగ్లండులో జెస్సీ నైట్ కథ మరొకటి. 1904లో పుట్టింది. ఆమె కుటుంబమూ సర్కసుదే. తండ్రి దగ్గర పని నేర్చుకుని, 1921 నాటికే, యింకా ఇరవై నిండకుండానే పచ్చబొట్లు వేయడం మొదలుపెట్టింది. తరువాత సైనికులుండే ఆల్డర్‌షాట్ వంటి ఊళ్ళలో సొంత దుకాణం నడిపింది. తోటి మగవాళ్ళకు కన్నుకుట్టింది. దుకాణంలో దొంగలు పడి ఆమె గీసుకున్న నమూనాలు ఎత్తుకుపోయారు. అప్పటినుంచి నమూనాలన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెమీదే కూర్చుని పనిచేసేదట. పోపులపెట్టెలో డబ్బులు దాచుకున్న మనకు యీ ఉపాయం కొత్తగా అనిపించదు. 1955లో అఖిల ఇంగ్లండు పోటీలో రెండో బహుమతి గెలుచుకుంది. 1992లో మరణించింది.

అందరికంటే నాకు మా అమ్మమ్మను గుర్తు తెచ్చిన ఆమె ఫిలిప్పీన్స్ దేశంలోని వాంగ్-ఓద్. కలింగ అనే కొండప్రాంతంలో బుస్కలన్ ఆమె గ్రామం. 1917లో పుట్టింది. పదిహేనో ఏట తండ్రి దగ్గర విద్య నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమె సూది పంపరపనస జాతి చెట్టు ముల్లు. ముల్లును చిన్న కర్రకు గుచ్చి, మసిలో ముంచి, ఇంకొక కర్రతో టకటకమని కొడుతుంది. పూర్వం అక్కడ యుద్ధంలో శత్రువును గెలిచిన వీరుడికి గుర్తుగా, ఆడవాళ్ళకు అందంగా పచ్చబొట్లు వేసేవారు. ఆ విద్యను రక్తసంబంధీకులకే చెప్పాలని వారి ఆచారం. వాంగ్-ఓద్‌కు పిల్లలు లేరు. తనతోనే విద్య అంతరించిపోతుందని అందరూ అనుకున్నారు. ఆమె తన తోబుట్టువుల వంశంలోని మనవరాళ్ళు గ్రేస్‌ను, ఎల్యాంగ్‌ను కూర్చోబెట్టి నేర్పింది. ఆ పిల్లలు నేర్చాక దేశదేశాలవాళ్ళు ఆ కొండెక్కి వారిచేత పొడిపించుకుని వెళ్ళారు. 2023 ఏప్రిల్‌లో, 106 ఏళ్ళ వయసులో, ఫిలిప్పీన్స్‌లోని వోగ్ పత్రిక ముఖచిత్రంగా ఆమె బొమ్మ వేశారు. ముడతలు పడ్డ మెడ, చేతులనిండా పచ్చబొట్లు. ఆ బొమ్మ చూసి నేను చాలాసేపు పత్రిక మూయలేదు. మన ఎరుకల తల్లికీ ఆమెకూ విద్యలో తేడా ఏముంది? అక్కడ మనవరాలు పక్కన కూర్చుంది. యిక్కడ కూర్చోనివ్వలేదు.

చట్టాలు యీ వృత్తిని పట్టి పీడించింది మన దగ్గరే అనుకోకండి. జపానులో 1872లో నిషేధించి 1948లో గాని వదల్లేదు. దక్షిణ కొరియాలో 1992లో అక్కడి సుప్రీంకోర్టు పచ్చబొట్టు వైద్యానికి సంబంధించిన పని అని తీర్పు చెప్పింది. దాంతో డాక్టరు కానివాళ్ళు పచ్చబొట్టు వేస్తే నేరమైపోయింది. 33 ఏళ్ళ తరువాత, 2025 సెప్టెంబరులో, పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చే చట్టం అక్కడి పార్లమెంటు చేసింది. న్యూయార్కు నగరంలో 1961నుంచి 1997దాకా పచ్చబొట్టు దుకాణాలు నిషేధం. కారణం కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి జబ్బు అన్నారు.

యీ చివరి మాట దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. పాతది కనుక అంతా మంచిదే అని నేను చెప్పబోవడంలేదు. మా అమ్మమ్మకు పొడిచిన సూదులే ఆ ఉదయం ఆ వీధిలో ఎంతమందికి పొడిచిందో ఆ తల్లి. ఆమె తప్పు కాదు, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. కాని నేడు మనకు తెలుసు. ఒకరి రక్తం అంటిన సూది మరొకరికి తగిలితే హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, ఎయిడ్స్ తెచ్చే హెచ్.ఐ.వి. కూడా సోకవచ్చు. తీర్థాల్లో, సంతల్లో ఒకే సూదితో, ఒకే రంగుగిన్నెతో వరసగా అందరికీ వేసేవాళ్ళ దగ్గరికి దయచేసి పిల్లల్ని తీసుకెళ్ళకండి.

అంచేత యిప్పుడు యీ వృత్తిలోకి రాదలచిన పిల్ల మొదట నేర్వవలసింది బొమ్మ కాదు, శుభ్రం. సూది కొత్త పొట్లంలోంచి మనిషి కళ్ళముందే తీయాలి, పని కాగానే ప్రత్యేకమైన డబ్బాలో పారేయాలి. రంగు ఒక్కొక్కరికి విడిగా చిన్న గిన్నెలో పోయాలి, మిగిలితే పారబోయాలి. మళ్ళీ వాడే పరికరాలేవైనా ఉంటే ఆటోక్లేవులో, అంటే ఆవిరి ఒత్తిడితో, శుద్ధి చేయాలి. మన ప్రెషర్ కుక్కరు సూత్రమే అది. చేతికి తొడుగులుండాలి. తనకు హెపటైటిస్-బి టీకాలు వేయించుకోవాలి. తరువాత గీత సాధన. ముందు కాగితం మీద, తరువాత పండ్ల తొక్కల మీద, చర్మంలాగా చేసి అమ్మే రబ్బరు అట్టల మీద. నెలల తరబడి గురువు పక్కన కూర్చుని ఊడవడం, తుడవడం, చూడటం. ఆ తరువాతే మనిషి చర్మం.

యింకొకటి కూడా నేర్చుకోవాలి. కాదనడం. పద్దెనిమిది నిండని పిల్లలు వస్తే కాదనాలి. తాగి వచ్చినవాణ్ణి కాదనాలి. నిన్న పరిచయమైన మనిషి పేరు మెడమీద వేయమని ఎవరైనా అమ్మాయి వస్తే, నాలుగురోజులాగి రమ్మనాలి. సైన్యం, పోలీసు ఉద్యోగాలకు వెళ్ళదలచినవాళ్ళకు, పచ్చబొట్ల విషయంలో అక్కడ నిబంధనలున్నాయని ముందే చెప్పాలి. వేయించుకున్న తరువాత ఏడాదిదాకా రక్తదానం చేయకూడదని చెప్పి పంపాలి. లేజరుతో తీయించుకోవచ్చంటారు గాని, దానికి ఎన్నోసార్లు తిరగాలి, ఖర్చూ నొప్పీ వేసినప్పటికంటే ఎక్కువ. చెరిగిపోని పని చేసేవాళ్ళకు నిదానం ఎక్కువ కావాలి.

యివన్నీ పోగుచేసుకుని దసరాకు మళ్ళీ అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అన్నయ్యను కూర్చోబెట్టి అమ్మమ్మ వంకర చుక్క సంగతి గుర్తుచేశాను. వాడికీ గుర్తుంది. వాడు కూడా చిన్నప్పుడు ఆ చుక్కమీద వేలు పెట్టి ఆడుకున్నవాడే. మునసబుకు చూపించిన చీటీ సంగతి మాత్రం వాడికి తెలియదు. విని చాలాసేపు మాట్లాడలేదు. "ఆ మాట అనకుండా ఉండవలసింది" అన్నాడు చివరికి. వెంటనే ఒప్పుకున్నాడని అనుకోకండి. డిగ్రీ పూర్తి చేయాలన్నాడు. తను స్వయంగా ఆ స్టూడియోకు వెళ్ళి, సూదులు ఎలా పారేస్తున్నారో చూస్తానన్నాడు. నిజంగానే వెళ్ళి చూసి వచ్చాడు కూడా. మా వదిన యింకా సంబంధాలవాళ్ళ గురించి బెంగపడుతూనే ఉంది. ఆ బెంగ నేను తీర్చలేను. పిల్ల మాత్రం టీకా రెండో మోతాదు వేయించుకుంది.

మొన్న ఫోనులో అడిగింది, "అత్తయ్యా, రబ్బరు అట్టమీద సాధన అయిపోయాక మొదట మనిషికి వేయాలి. నీ చెయ్యి యిస్తావా?" అని. వంకరపోతుందేమో అన్నాను. "పోతుంది" అంది, అబద్ధమాడకుండా. యింకా జవాబు చెప్పలేదు. మావారిని కూడా ఒక మాట అడగాలి గదా. కాని నిన్న రాత్రి పని ముగించుకుని, దీపం కింద నా కుడిచెయ్యి పెట్టి, మణికట్టు పైన ఎక్కడైతే బాగుంటుందా అని చూసుకున్నానంటే మీరు నవ్వకండి.

యిక మీకు నాదొక మనవి. మీ ఇళ్ళల్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉంటే, వారి చేతులమీద పచ్చబొట్లుంటే, ఎవరు పొడిచారో, ఎక్కడినుంచి వచ్చారో, ఏం పాట పాడారో అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ పొడిచినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఉన్న ఒక్క పుస్తకం పోలీసువారి రిజిస్టరు. అందులో వారిని నేరస్థులని రాశారు. కళాకారులని రాయవలసింది యింక మనమే.

సెలవు.